మునిగిన ఊరి ఇళ్ళ వరస

ఏప్రిల్ వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే రకం వీడియో. శ్రీశైలం డ్యాములో నీళ్ళు దిగి సంగమేశ్వరం గుడి శిఖరం బయటికొస్తా ఉంటది, ఎవరో కుర్రాడు డ్రోన్ ఎగరేసి తీసుంటాడు, వెనకాల పిల్లనగ్రోవి మ్యూజిక్కు. కింద వరసగా దండాలు, కన్నీళ్ళ బొమ్మలు, "ఆ రోజులే వేరు", "ఊరంతా ఒక్క కుటుంబం లెక్క ఉండేవాళ్ళం". గ్రూపులో సగం మంది ఆ ఊళ్ళు మునిగాక పుట్టినోళ్ళు. అసలు సంగమేశ్వరం మా ఊరు కూడా కాదు, మా ఊరు అక్కడికి కొంచెం ఎగువన ఉండేది, కానీ నీళ్ళలోంచి బయటపడేంత పెద్ద గుడి మాకు లేదు కాబట్టి పక్కూరి గుడిని చూసి మేం ఏడుస్తాం.

ఈసారి వీడియోతో పాటు ఒక ప్రపోజల్ కూడా వచ్చింది. ఊరు మునిగాక మావాళ్ళు చేరిన కాలనీ మొదట్లో ఆర్చి కట్టించి దాని మీద పాత ఊరి పేరు పెద్దక్షరాలతో రాయిద్దాం, పక్కన పాత ఆంజనేయస్వామి గుడి నమూనా పెడదాం, తలా 10 వేలు అని. నేను నోరూరుకోకుండా "ఆర్చి తర్వాత చూద్దాం, ముందు పాత ఊళ్ళో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, ఎవరింట్లో ఎవరుండేవాళ్ళో రాసి పెట్టుకుందాం, చెప్పగలిగినోళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు" అని పెట్టా. ఒకే ఒక్క బొటనవేలు వచ్చింది. ఆ వెంటనే ఎవరో గుడ్ మార్నింగ్ గులాబీ పెట్టారు, నా మెసేజ్ పైకెళ్ళిపోయింది.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తా, పొడుగవుతుంది, ఓపికుంటేనే చదవండి. నేననేది ఏంటంటే, పోయిన ఊరిని గుర్తుపెట్టుకోవడమంటే గుడిని, చెరువుని, పీర్ల పండగని గుర్తుపెట్టుకోవడం కాదు. అవి అందరికీ ఉంటాయి, పేరు మార్చి ఏ ఊరికైనా అతికించొచ్చు. ఈ ఊరు ఆ ఊరు కాదు అని తేలేది ఇళ్ళ వరసలోనే, అంటే ఎవరి గోడ ఎవరి గోడకి ఆనుకుంది, ఎవరి మిద్దె నీళ్ళు ఎవరి వాకిట్లో పడేవి, ఆ నీళ్ళ మీద ఎన్నేళ్ళు మాటల్లేకుండా ఉన్నారు, ఇదీ. అది రాసుకుంటే ఊళ్ళో మొదటి ఇంటి నుంచి వాడలో చివరి గుడిసె దాకా రాసుకోవాలి, లేదంటే ఆర్చి కట్టుకుని ఊరుకోవాలి. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయట్లేదు, రాస్తే ఏ ఇంటి గురించి మాట్లాడుతున్నానో మా వాళ్ళకి రెండో లైన్లోనే తెలిసిపోతుంది.

ద్వారబంధం మీద ప్రయాణం

1981లో నాకు ఏడేళ్ళు. ఊరి గురించి నాకు నిజంగా గుర్తున్నవి నాలుగంటే నాలుగు. మిద్దె కప్పులో గవాచిలోంచి నేల మీద పడే ఎండ ముక్క, అది జరిగేకొద్దీ దాంతో పాటు జరుగుతూ మా అవ్వ బియ్యంలో రాళ్ళేరడం. పక్కింటి గాడిపాడులో నన్ను తన్నిన ఎద్దు. ఏట్లో నీళ్ళు చల్లగా ఉండడం. నాలుగోది, బండి మీద మా ఇంటి ద్వారబంధం పడుకోబెట్టి ఉంటే దాని మీద నేను కూర్చుని రావడం. దూలాలు, దంతెలు, తలుపులు, నాపరాళ్ళు, ఊడొచ్చేవన్నీ ఊడబీకి బండ్లకెత్తుకున్నారు, ఎత్తుకుపోలేనివి గోడలే. మిద్దెలు కూలినప్పుడు లేచిన చవిటిమన్ను దుమ్ము గురించి మా అమ్మ ఇప్పటికీ చెప్తది, మూడు రోజులు అన్నంలో అదే రుచంట. ఆ ఎండాకాలం ఊళ్ళు ఖాళీ చేయించిన పనికి సర్కారు పెట్టుకున్న పేరు ఆపరేషన్ డెమాలిషన్. పేరులో మొహమాటమేమీ లేదు.

నెహ్రూ వచ్చి డ్యాముకి శంకుస్థాపన చేసింది 1963లో, అప్పటికి మా నాన్నకి పదిహేడేళ్ళు. నీళ్ళొచ్చింది పద్దెనిమిదేళ్ళ తర్వాత. ఆ మధ్య కాలం గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు అదే పెద్ద కథ అనిపిస్తుంది. ముంపొస్తది అంటారు, రాదు. మునిగేదానికి ఎందుకని మిద్దెకి మన్నెయ్యరు, వానకి కురుస్తది. మునిగే ఊరికి పిల్లనెవరిస్తారు అని సంబంధాలు వెనక్కిపోతాయి. వందకి పైగా ఊళ్ళు, లక్ష మంది దాకా జనం, ఇలా సగం సర్దుకున్న మూటల మీద కూర్చుని బతికారు. ఊరు నీళ్ళొచ్చిన రోజున పోలేదు, అంతకు చాలా ముందే కొంచెం కొంచెంగా పోతా వచ్చింది. ఆ సంగతి ఒప్పుకుంటే "ఆ రోజులే వేరు" అన్న మాటకి బలం తగ్గుద్ది, ఎందుకంటే ఆ చివరి రోజులు అంత గొప్పగా ఏం లేవు.

నాలుగేళ్ళ కింద ఒక మే నెలలో నాన్నని తీసుకుని అక్కడికి పోయా. నీళ్ళు బాగా దిగి ఉన్నాయి, ఎక్కడ చూసినా పగుళ్ళిచ్చిన ఒండ్రు, మధ్యమధ్య ముళ్ళకంప. నాకు ఊరెక్కడుందో కూడా తెలీలేదు. నాన్న మాత్రం దూరంగా కొండ కొమ్ము ఒకటి చూసుకుని, బావి వరల రాయి ఒకటి కాలితో కెలికి, అక్కణ్ణించి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఇది మన వాకిలి. ఇది మీ చిన్నతాతోళ్ళది. ఈ సందు. ఇది శెట్టోళ్ళ అంగడి." డెబ్భై దాటిన మనిషి, ఆ ఎండలో, ఒట్టి మట్టి మీద, లేని గోడలకి భుజం తగలకుండా పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. సెల్లో రికార్డు చేశా, నలభై నిమిషాలు, సగం గాలి చప్పుడే.

హైదరాబాదు వచ్చాక విని రాసుకున్నా. ముప్పై ఒక్క ఇల్లు చెప్పాడు, ఒక్కో ఇంటికి మూడు తరాల మనుషులతో సహా, ఎవరికి ఎవరు అప్పున్నారో కూడా. ముప్పై రెండో దగ్గర వంపు తిరిగే చోట ఆగి, "ఆ కింద వాడ" అన్నాడు. వెనక్కి తిరిగాడు. రికార్డింగులో ఆ తర్వాత చెప్పుల చప్పుడు తప్ప ఏం లేదు.

విన్నప్పుడు నాకేం అనిపించలేదు, అది నిజం. పట్టిక గీసి ముప్పై ఒకటీ ఎక్కించి, కింద "వాడ, సుమారు 40 ఇళ్ళు" అని ఒక్క గడిలో రాసి, పనైపోయిందనుకుని పడుకున్నా.

జటప్రోలామె

పట్టికలో మొదటి రంధ్రం పట్టుకుంది మా అమ్మ. ఇంటి యజమాని అని నేను పెట్టుకున్న గడిలో అందరూ మగవాళ్ళే. "మరి ఆడోళ్ళు?" అంది. పేర్లు చెప్పమన్నా. చెప్పలేకపోయింది. పక్కపక్కన ఇళ్ళల్లో పన్నెండేళ్ళు కాపురం చేసి, ఒకరి బిడ్డకి ఒకరు పాలిచ్చి, పేరు తెలీదు. ఎందుకంటే మా వైపు కోడళ్ళకి పేరుండదు, పుట్టినూరు ఉంటది. జటప్రోలామె, సిద్ధేశ్వరమామె, ఆత్మకూరామె. మా అమ్మ కూడవెల్లామె. మా నాన్న కూడా ఇంట్లో "ఏమే" అనడమే గానీ ఆమె పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

ఆ లెక్కన ఆడవాళ్ళ గడి నింపుతా పోతే ఒక విచిత్రం బయటపడింది. అది పేర్ల జాబితా కాకుండా ఊళ్ళ జాబితా అయ్యింది, అందులో సగం ఊళ్ళు మా ఊరితో పాటే నీళ్ళల్లోకి పోయినవి. కృష్ణకి ఈ గట్టునా ఆ గట్టునా, కర్నూలు జిల్లాలో, మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళన్నీ ఒకే నీటి కిందికి పోయాయి, అంటే అత్తారిల్లూ మునిగింది పుట్టిల్లూ మునిగింది. ముంపు గురించి రాసినవాళ్ళు ఎకరాలు లెక్కపెట్టారు, కుటుంబాలు లెక్కపెట్టారు, ఈ సంగతి లెక్కలోకి వచ్చినట్టు నేను చూడలేదు. ఏటి ఆ గట్టు మనుషులు ఏమయ్యారో మా అమ్మకి చాలా ఏళ్ళు సరిగ్గా తెలీదు, రెండు కాలనీల మధ్య ఇప్పుడు సముద్రమంత నీళ్ళు, ఒకప్పుడు పుట్టి పడవలో అరగంట.

జటప్రోలామె నిరుడు పోయింది. ఆమె మనవడికి ఫోన్ చేసి మీ అవ్వ పేరేంటన్నా అని అడిగా. ఆధార్ కార్డు వెతికి చెప్పాడు. ఆ పేరుతో ఆమెని పిలిచినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, జటప్రోలామె అని పిలిచినవాళ్ళు ఒక నలుగురు ఉన్నారు. పట్టికలో ఏది రాయాలి? రెండూ రాశా. ఇది చిన్న విషయమే, కానీ ఆర్చి మీద రాసే ఊరి పేరుకంటే ఆ పిలుపులో ఊరు ఎక్కువ బతికి ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఆ ఊరి కోడళ్ళు ఒక్కొక్కరే పోతుంటే ఊరు ఇంకోసారి పోతా ఉంది, ఈసారి డ్యాము లేకుండానే.

రాళ్ళకి నంబర్లు

మా అమ్మ పుట్టినూరు గుడి మాత్రం బతికే ఉంది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని (వీడియోల్లో వచ్చే సంగమేశ్వరం గుడి వేరు) పురావస్తు శాఖ వాళ్ళు రాయి రాయి విడదీసి, ప్రతి రాయికీ నంబరేసి, ఆలంపురం తీసుకొచ్చి మళ్ళీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అలా కొత్తూరికి వచ్చిందే. ఇది మామూలు పని కాదు, చేసినవాళ్ళకి దండం పెట్టాలి. అమ్మని ఆలంపురం తీసుకుపోయా ఒకసారి, గుడి చుట్టూ రెండు సార్లు తిరిగింది, గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. బాగుందా అన్నా. "గుడి బాగానే ఉంది రా. ఈడ నిలబడితే ఏరు ఇనపడాల కదా" అంది. అంతే, ఇంకేం అన్లేదు, బయట జామకాయలు కొనుక్కుని బస్సెక్కాం.

దీనికంటే ముందు నాగార్జునకొండ ఉంది. సాగర్ డ్యాముకి 1955లో పునాది రాయి పడేసరికే అక్కడ తవ్వకాలు జోరుగా నడుస్తున్నాయి, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు, 1700 ఏళ్ళ కిందటి ఇక్ష్వాకుల రాజధానిలో స్తూపాలు, స్నానఘట్టం, మెట్ల వరసల స్టేడియం లాంటి కట్టడం, అన్నీ కొలిచి, గీసి, కొన్ని ఎత్తుకొచ్చి కొండ మీద పేర్చి మ్యూజియం పెట్టారు. ఆ లోయలోనే పుల్లారెడ్డిగూడెం అని ఒక ఊరుండేది. తవ్వకాల పుస్తకాల్లో ఆ ఊరు వస్తది, ఎలా వస్తదంటే ఫలానా దిబ్బ ఊరికి ఇంత దూరంలో ఉంది అని కొలతరాయి లెక్క. 1700 ఏళ్ళ కింద ఎవరు ఏ ఇటుకతో ఇల్లు కట్టుకున్నారో మనకి తెలుసు, 1955లో అక్కడ ఎవరి పొయ్యి ఏ మూల ఉండేదో తెలుసుకోవాలంటే ఏ మ్యూజియానికీ పోలేం.

ఇక్కడ "రాళ్ళకి నంబర్లేశారు, మనుషులకి వెయ్యలేదు" అని రాయబోయి ఆగా. రాయడానికి బాగుంటది, కానీ అబద్ధం. మనుషులకీ వేశారు. భూసేకరణ అవార్డు (అంటే పరిహారం ఉత్తర్వు) నంబరు, కేసు నంబరు, సర్వే నంబరు, మా నాన్న దగ్గర ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. 1986లో ఇంటికొక ఉద్యోగం అని జీవో 98 వచ్చాక ఆ నంబర్ల కోసం జనం ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్ళు తిరిగారో, ఇంకా తిరిగేవాళ్ళు ఉన్నారో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అయితే ఆ జాబితాలో ఉన్నది పోగొట్టుకోవడానికి పట్టా ఉన్నవాడు. ఎంత పోయిందో లెక్కగట్టాలంటే ముందు ఎంతో కొంత ఉండాలి కదా. మా నాన్న పేరు నాలుగు చోట్ల ఉంది. మా పొలంలో ఏడాది పొడుగునా పని చేసిన జీతగాడి పేరు ఆ ట్రంకుపెట్టెలో ఏ కాగితంలోనూ లేదు, ఆయన పోగొట్టుకున్నది మా పొలంలో పని, దానికి అవార్డు ఉండదు.

వీటన్నిటికంటే ముందు, ఇప్పటికి రెండు వందల ఏళ్ళ కింద, కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర తన దగ్గర పనిచేసే కావలి సోదరుల్ని, ఇంకా చాలామందిని ఊరూరా తిప్పి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించాడు. అవి లేకపోతే చాలా ఊళ్ళకి పుట్టుక కథే ఉండేది కాదు, ఏ కరువులో పాడుబడిందో, ఎవరొచ్చి మళ్ళీ కట్టారో అందులోంచి తెలిసిందే. కానీ చెప్పింది ఎవరు, ఎక్కువగా కరణం. అందుకే గుడి మాన్యాల లెక్క, ఎవరి మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎవరిది అన్న తగువు వివరంగా ఉంటాయి, మిగతా ఊరు పల్చగా ఉంటది. మా నాన్న ఆ ఎండలో నడుస్తా చెప్పింది కూడా కైఫీయత్తే, ముప్పై ఒక్క ఇల్లు వివరంగా, మిగిలిన ఊరు ఒక్క ముక్కలో.

పాటిమన్ను

ఎదురు వాదన ఒకటుంది, మా బావమరిది రెండు పెగ్గులయ్యాక ప్రతిసారీ ఇదే వేస్తాడు. "ఊళ్ళు పోవడం కొత్తా బావా? ప్రతి ఊరి పక్కన పాటిదిబ్బ లేదా?"

ఉంది, నిజమే. పాటిదిబ్బ అంటే ఎప్పుడో పోయిన ఊరి దిబ్బ, అక్కడ మన్ను బూడిదా పేడా కలిసి బలంగా ఉంటదని రైతులు బండ్లకెత్తుకుని పొలాలకి తోలుకునేవాళ్ళు, మధ్యలో కుండపెంకులు, పూసలు, అప్పుడప్పుడు ఎముకలు వచ్చేవి. ఎవరి ఊరో ఎవరూ అడగలేదు. 1832-33 డొక్కల కరువులో గుంటూరు జిల్లాలో మూడో వంతుకి పైగా జనం పోయారు, ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి, దానికి ఎవరు ఆర్చి కట్టారు? గత్తర (కలరా) వస్తే ఊరొదిలి పక్కన కొత్తపల్లి కట్టుకునేవాళ్ళు, పాత ఊరు జొన్న చేను అయ్యేది. రెవెన్యూ వాళ్ళకి ఇలాంటి ఊళ్ళ కోసం ఒక మాట కూడా ఉంది, బేచిరాక్ గ్రామం అంటారు, చిరాగ్ అంటే దీపం, దీపం లేని ఊరు. పేరుంటది, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్క ఉంటది, మనుషులుండరు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 6 లక్షల 40 వేల పైచిలుకు ఊళ్ళల్లో 43 వేలకి పైగా ఇలా మనుషుల్లేనివే.

ఆ బేచిరాక్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నేను ఉప్పొంగిపోయా. శ్రీశైలం కుడిగట్టు పవర్ హౌసులో ఒక్కోటి 110 మెగావాట్లవి ఏడు యూనిట్లు, ఊళ్ళకి ఊళ్ళు వెలిగించడానికి మా ఊరు దీపం లేని ఊరైంది, ఎంత గొప్ప పోలిక అని నాన్నకి ఫోన్ చేసి చెప్పా. ఆయన కాసేపు ఆగి "మన ఊరికి కరెంటే లేదు కదరా, ఇక్కడికొచ్చినాకనే బల్బు చూసింది మీ అవ్వ" అన్నాడు. పోలిక అక్కడితో ఆరిపోయింది.

బావమరిది మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మర్చిపోవడం తప్పేం కాదు, అన్ని ఊళ్ళనీ మోసుకుంటూ ఎవడూ నడవలేడు. మా పిల్లలకి ఈ ఊరి మీద దుఃఖం ఉండాలని నేననుకోను, వాళ్ళది కాని దుఃఖం వాళ్ళ నెత్తిన ఎందుకు. కానీ కరువులో పోయినవాళ్ళని అడగడానికి మనిషి మిగల్లేదు. ఇక్కడ మనుషులున్నారు, నాన్నకి 79, అమ్మకి 72, ఫోన్లో బ్యాలెన్సు ఉంది. అడగకపోవడానికి నాకున్న సాకు బద్ధకం ఒక్కటే. ఇంకోటి కూడా, గ్రూపులో అందరం మర్చిపోతే అది మర్చిపోవడం, కానీ మేం మర్చిపోవట్లేదు కదా, ఏటా ఏప్రిల్లో సగం ఊరిని గుర్తుచేసుకుని అదే మొత్తం ఊరని చెప్పుకుంటున్నాం.

"అవి కూడా రాస్తావా"

ఆ నలభై ఇళ్ళ గడి ఆర్నెల్లు అలాగే ఉంది. చివరికి కర్నూల్లో ఉండే ఒకాయన నంబరు దొరికింది. మా ఊరి వాడలో పుట్టాడు, 98 జీవో కింద లస్కర్‌గా చేరి, ప్రమోషన్ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ అయ్యి రిటైరయ్యాడు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచా. ఆయన నన్ను సార్ అన్నాడు. వద్దన్నా, అయినా అలాగే అన్నాడు. ఇంటికి పోయి పట్టిక చూపించా. కళ్ళద్దాలు పెట్టుకుని ముప్పై ఒక్క ఇల్లూ నెమ్మదిగా చదివి, కింద గడి దగ్గర వేలు పెట్టి నవ్వాడు. "నలభై కాదు సార్, యాభై మూడు."

తర్వాత అద్దాలు తీసి అడిగాడు, "ఎందుకు సార్ ఇది? మీకు ఆ ఊరు పోయింది. మాకు ఆ ఊరు పీడ పోయింది. డ్యాము రాకపోతే నేను ఈ రోజుకి కూడా మీ దొడ్లో పేడ ఎత్తుతా ఉంటి." కోపంగా కాదు, టీవీలో క్రికెట్ స్కోర్ చెప్పినట్టు చెప్పాడు. "అందరం ఒక్క కుటుంబం అని మీ గ్రూపులో రాస్తాంటారంట కదా, మా అల్లుడు చూపించినాడు. ఊరి బాయి కాడ మా అమ్మ బిందె పెట్టుకుని ఎవరైనా వచ్చి పోస్తారని పొద్దెక్కేదాకా నిలబడేది. అవి కూడా రాస్తావా?"

ఆ "రాస్తావా"లో సార్ పోయింది, నేను గమనించా, ఆయన కూడా గమనించినట్టున్నాడు.

నా దగ్గర మంచి సమాధానం లేదు. రాస్తా అన్నా, అది తప్ప ఇంకేమనగలను. వాళ్ళావిడ కాఫీ తెచ్చింది, తాగా. బస్సులో తిరిగొస్తా అనుకున్నా, ఈయనకి ఊరు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేదు, వదిలెయ్యమంటే వదిలేస్తే సరిపోతుంది, నా పట్టిక నింపుకోవడానికి ఆయన పాత గాయం కెలకడం ఎంతవరకు న్యాయం? ఇప్పటికీ ఈ విషయంలో నేను తేల్చుకోలేదు. ఊరు పోవడం ఒకరికి నష్టం, ఒకరికి విడుదల అయినప్పుడు, కలిపి ఒకే జ్ఞాపకం ఎలా రాస్తాం అని. మా వాళ్ళల్లో ఒక పెద్దమనిషికి ఇది చెప్తే "డ్యాము వల్ల కాదు, చదువు వల్ల బాగుపడ్డారు, ఆ సంగతి దాని మీద వేస్తున్నాడు" అన్నాడు. ఉండొచ్చు. వాడలో అందరికీ ఉద్యోగాలేం రాలేదు, చాలామంది కూలికి ఎక్కడెక్కడికో పోయారు, ఆయనే చెప్పాడు. కానీ బావి దగ్గర నిలబడ్డ బిందె చదువుతో ముడిపడిన విషయం కాదు.

వారం తర్వాత రాత్రి పదింటికి ఫోన్. ఆయనే. "రాసుకో" అన్నాడు. పెన్ను దొరక్క నేను వెతుకుతుంటే ఆయన మొదలుపెట్టేశాడు, కింద నుంచి పైకి, వరసగా. యాభై మూడు ఇళ్ళు. మా నాన్నలాగే, లేని గోడల మధ్య నడుస్తున్నట్టు, మధ్యలో వాళ్ళావిడ వెనక నుంచి దిద్దుతా ఉంది, "అది కాదు, చింతచెట్టు ఇవతల". డప్పు ఎవరు బాగా కొట్టేవాళ్ళు, ఎవరి ఇంటి ముందర తోలు ఆరేసేవాళ్ళు, ఏ గుడిసె ఏ వానకి పడింది. మా జీతగాడి పేరు ఆ రాత్రే తెలిసింది నాకు, ఇంట్లో అందరూ "పెద్దోడు" అనేవాళ్ళు. గంటన్నర మాట్లాడాడు. పీడ పోయింది అన్న మనిషి అంత వివరంగా ఎలా గుర్తుపెట్టుకున్నాడు అని అడగబోయి మానుకున్నా, అది అడిగే హక్కు నాకు లేదనిపించింది.

ఒండ్రు

ఇంకో మాట, ఇది తొందర గురించి. శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 చిల్లర అంటున్నారు. పోయిన 90 టీఎంసీల పైచిలుకు జాగా అంతా ఒండ్రే. 885 అడుగుల నిండు మట్టం నుంచి ఎంత కిందికి దిగినా, రేపు మా నాన్న కాలితో కెలికిన బావి రాయి బయటపడుతుందని ఏం లేదు, దాని మీద ఏటా ఇంకో పొర పడుతుంది. సంగమేశ్వరం గుడికి ఎత్తుంది, కొన్నాళ్ళు కనపడతది. మాకు ఎత్తైనదేం లేదు. అందుకే గ్రూపులో అలా తొందరపెట్టా, ఎవరికైనా విసురుగా అనిపిస్తే ఏమనుకోవద్దు. ఆర్చికి నా 10 వేలు ఇచ్చేశా కూడా.

పట్టిక ఇప్పుడు ఎనభై నాలుగు ఇళ్ళు. దాన్ని పెద్ద డ్రాయింగ్ షీటు మీద మ్యాపులా గీశా, సందులు, రచ్చబండ, చింతచెట్టు, బొడ్రాయి, ఏటి దారి. పోయిన నెల కర్నూలు ఆయనకి ఫోటో తీసి పంపా. మూడు దిద్దుబాట్లు చెప్పాడు, చివర్లో "బాయి గీసినావు. మా అమ్మ నిలబడే చోటు గీయలేదు" అన్నాడు. బావికి కొంచెం పక్కన చిన్న గుండ్రం చుట్టి, పక్కన "వాడ ఆడవాళ్ళు నీళ్ళ కోసం నిలబడే చోటు" అని రాశా.

పండక్కి ఊరెళ్ళినప్పుడు షీటు మంచం మీద పరిచి నాన్నకి చూపించా. అద్దాలు పెట్టుకుని ఒక్కో ఇల్లూ చూశాడు, వాడ కూడా చూశాడు, కొన్ని పేర్ల దగ్గర తల ఊపాడు. బావి దగ్గరికి వచ్చి ఆగాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు, నేను గొడవ అవుతుందేమో అనుకుంటున్నా. చెయ్యి చాపాడు, పెన్సిలిచ్చా. నేను గీసిన గుండ్రాన్ని వేలితో తుడిచి, బావికి ఇంకో నాలుగు వేళ్ళ దూరంలో మళ్ళీ గీశాడు.

"అంత దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు రా" అన్నాడు.